ఎడమ పక్క

భోజనాల సైరన్ కూత పూర్తిగా ఆగకముందే లైను రేకుల షెడ్డు దాటి ఎండలోకి వెళ్ళిపోయింది. స్టీలు ఫ్యాక్టరీ కడుతున్న ఆ మైదానంలో కూలి జనానికి దగ్గరగా ఉన్నది శ్రీరామ్మూర్తి నడిపే క్యాంటీను ఒక్కటే. చిలకమ్మ అన్నం గంగాళం ముందు నిలబడి కుడిచేత్తో వడ్డించే ఇనుప హస్తం తిప్పుతోంది. ఎడమచేత్తో పైట చెంగు చెంపమీదికి లాగి పట్టుకుంది. ప్లేటు ముందుకొస్తుంది, అన్నం పడుతుంది, ప్లేటు పక్కనున్న కాసులమ్మ దగ్గరికి జరుగుతుంది, కాసులమ్మ పప్పుచారు పోస్తుంది. చిలకమ్మ ప్లేట్లను చూస్తుంది తప్ప వాటి వెనకాల ముఖాల్ని చూడదు. సిమెంటు తిన్న గోళ్ళు, నిప్పురవ్వలకు బొబ్బలెక్కిన ముంజేతులు, తుప్పు రంగు పట్టిన అరచేతులు. ఆ చేతుల్ని బట్టే ఎవరు రెండోసారి అడుగుతారో, ఎవరికి అడుగంటిన మెతుకులు పనికిరావో ఆమె పోల్చుకుంటుంది.

ఆవిరి ముఖానికి కొట్టేసరికి మొదలైంది. ముందు ఎడమ కంటి కింద, దారం పట్టి లాగినట్టు సన్నగా. తర్వాత రెప్ప మూసుకుపోయింది. బుగ్గ పైకి లేచింది. పెదవి మూల చెవివైపు జరిగింది. అంతలోనే వదిలేసింది. మళ్ళీ పట్టుకుంది. ఎదుట నిలబడ్డవాడికి అది కన్నుకొట్టి చిన్నగా నవ్వినట్టుంటుంది. మొదట్లో కంటి కింద మాత్రమే అదిరేది. ఇప్పుడు తొందరపడినా, అలిసిపోయినా, ఎవరైనా తేరిపార చూసినా ఎడమ పక్కంతా లాగేస్తుంది.

"ఏటప్పా, ఇయ్యాల నా వొంతేనా?" అన్నాడొకడు ప్లేటు చాపుతూ. వెనకాల నవ్వులు లేచాయి. చిలకమ్మ చెంగు ఇంకాస్త లాక్కుంది. చెంగు పట్టుకున్న చెయ్యి ఖాళీగా లేక గంగాళం వొంచడానికి వీలవలేదు. అన్నం కొంత బల్లమీద పడింది.

"మాటాడకండి, లైను జరగండి," అని కాసులమ్మ అరిచింది.

జనం తగ్గాక చిలకమ్మ గంగాళం ఎత్తుకుని షెడ్డు వెనక కుళాయి దగ్గరికి వెళ్ళింది. బూడిద, కొబ్బరిపీచు తీసుకుని లోపలికి వంగి రుద్దుతోంది. పక్కనే హస్తం నీళ్ళలో నానుతోంది. వెనక అడుగుల చప్పుడు వినిపించి లేచి నిలబడింది. గవర్రాజు. రాడ్డు వంచే ముఠాకి మేస్త్రీ. ఆ ముఠా మనుషులంతా ఈ క్యాంటీన్లోనే తింటారు.

"నీల్లు కావాలా?" అంది చిలకమ్మ.

అతను ఆమె మణికట్టు పట్టుకున్నాడు. బూడిద చేతికి అంటినా వదల్లేదు. "లైన్లో అయితే రోజూ కన్ను కొడతావు. ఇక్కడ ఎవులూ నేరు కదా, మొకం తిప్పేసుకుంతన్నావేటి?"

"సెయ్యి ఒగ్గు."

భయానికి ఎడమ పక్క బిగుసుకుంది. కన్ను మూసుకుపోయింది. పెదవి లాగింది. ఆమె ఆపాలనుకుంది. ఆపాలనుకున్న కొద్దీ అది మళ్ళీ మళ్ళీ కొట్టుకుంది.

"అదిగో, మల్లీ కొట్టినావు!" అని గవర్రాజు నవ్వాడు. మణికట్టు పట్టి తనవైపు లాగాడు.

తన రెండో చెయ్యి నీళ్ళలోకి వెళ్ళడం, ఇనుప హస్తం దొరకడం, అది పైకి లేవడం చిలకమ్మకు తెలుస్తూనే ఉంది. అది అతని కనుబొమ్మ మీద తగిలింది. అతను రెండడుగులు వెనక్కి వేసి చేత్తో తడుముకుని, రక్తం చూసుకుని పెద్దగా కేకవేశాడు.

జనం మూగారు. శ్రీరామ్మూర్తి చేతిలో తువ్వాలుతో పరిగెత్తుకొచ్చాడు. కాకినాడ వైపునుంచి వచ్చి ఇక్కడ క్యాంటీను పెట్టుకున్న మనిషి. ముందు గవర్రాజు నుదుటికి తువ్వాలు అద్దాడు. తర్వాత చిలకమ్మ వైపు తిరిగాడు.

"ఆడు నా సెయ్యి పట్టుకున్నాడు బాబూ," అంది చిలకమ్మ.

"ఇదే పిలిసినాది. లైన్లో ఉన్నోలందర్నీ అడగండి," అన్నాడు గవర్రాజు.

శ్రీరామ్మూర్తి కాసులమ్మ వైపు చూశాడు. కొట్టుగది గుమ్మంలో, కుళాయికి ఎదురుగా నిలబడి ఉంది ఆమె. "నువ్వు చూశావా?"

కాసులమ్మ తన చేతిలో ఉన్న డేగిసా వైపు చూసుకుంది. "నాను గిన్నెలు తోముకుంతన్నాను బాబూ. సూడనేదు."

చిలకమ్మ ఆమెకేసి చూసింది. సరిగ్గా అప్పుడే కన్ను మళ్ళీ కొట్టుకుంది. గుంపులో ఒకడు కిసుక్కుమన్నాడు.

"చూడమ్మా," అన్నాడు శ్రీరామ్మూర్తి. అతని గొంతులో కోపం లేదు. విసుగు ఉంది. "నీ మొహం నువ్వు అదుపులో పెట్టుకోకపోతే నేనేం చెయ్యను? ఆయన ముఠా అంతా రేపట్నుంచి ఇంకో చోటికి పోతే క్యాంటీను మూసుకోవాలి. రేపట్నుంచి నువ్వు రావద్దు."

గంగాళం సగం రుద్దినట్టే ఉంది. చిలకమ్మ దాన్ని కడిగి, బోర్లించి, హస్తం మీద రక్తం కూడా కడిగేసి, రెంటినీ బల్లమీద పెట్టి బయటికి నడిచింది.

*

జ్ఞానాపురంలో వాళ్ళ ఇల్లు రైలు పట్టాలకు దగ్గర. రేవుకి వెళ్ళే ఇనుప ఖనిజం ధూళి గోడల్ని, ఆరేసిన బట్టల్ని ఎర్రగా చేస్తుంది. ఆమె మొగుడు అబ్బులు రేవులో ఓడల సరుకు మోసే కళాసీ. పని దిగి వచ్చి, కాళ్ళు కడుక్కుని, గుమ్మంలో కూచుని ఆమె చెప్పిందంతా విన్నాడు. అతని తల్లి అసిరమ్మ పొయ్యి దగ్గర కూచుని చెనక్కాయలు ఉడకబెడుతోంది. పొద్దున్నే గంపకెత్తి పెద్దాసుపత్రి గేటు ముందు అమ్ముతుంది.

"రగతం బాగా వొచ్చినాదేటి?" అని అడిగాడు అబ్బులు.

"వొచ్చినాది."

అతను కాసేపు వేళ్ళు విరుచుకున్నాడు. "నువ్వు... ఆడి కేసి సూడనేదు కదా?"

చిలకమ్మ ముఖం గోడవైపు తిప్పుకుంది. కొంతకాలంగా అబ్బులు ఆమెతో మాట్లాడేటప్పుడు ఆమె నుదుటికేసో భుజానికేసో చూస్తాడు. నలుగురిలో నడిచేటప్పుడు ముందు నడుస్తాడు. అది ఆమెకు తెలుసు. ఈ ప్రశ్న కూడా ఎప్పటినుంచో అతని నోట్లో ఉందని ఇప్పుడు తెలిసింది.

పొయ్యిలో కట్టె ఎగదోసి అసిరమ్మ లేచింది. "ఓరి ఎదవా! అది నా పక్కన పడుకుంతాది. నిద్దట్లో కూడా దాని కన్ను కొట్టుకుంతాది. నిద్దట్లో ఎవుల్ని పిలుత్తాదిరా, నన్నా?"

అబ్బులు తల వొంచుకున్నాడు.

"కంట్లో ఎన్ని సుక్కలు ఏసుకున్నా తగ్గనేదు. కంటి కాడ కాదు రోగం," అంది అసిరమ్మ. "ఆసుపత్రిలో నరాలోల బిల్డింగున్నాది. ఆలకి సూపిద్దాం. నువ్వూ రా. పెద్ద డాట్రు ఏటి సెప్తాడో నీ సెవుల్తోనే విను."

*

డాక్టర్ భీమశంకరరావు చిలకమ్మను కుర్చీలో కూచోబెట్టి, తను స్టూలు లాక్కుని ఎదురుగా కూచున్నాడు. చుట్టూ తెల్లకోట్లు వేసుకున్న విద్యార్థులు. ఆమె అలవాటుగా చెంగు లాక్కోబోయింది. "చెంగు వదిలెయ్యమ్మా. చూడ్డానికే కదా కూచున్నాను," అన్నాడాయన. తర్వాత ఆమె ముఖాన్ని చూస్తూ ఉండిపోయాడు. ఈ మధ్య కాలంలో ఏ మగవాడూ నవ్వకుండా ఆ ముఖాన్ని అంతసేపు చూడలేదు.

"కళ్ళు గట్టిగా మూసుకో. ఇప్పుడు తెరువు."

తెరవగానే ఎడమ పక్క వరసగా లాగడం మొదలుపెట్టింది.

"నిద్రలో కూడా వస్తుందా?"

"నిద్దట్లో కూడా బాబూ," అంది అసిరమ్మ వెనకనుంచి. "నాను కల్లారా సూసినాను."

డాక్టరు గోడకానుకుని నిలబడ్డ అబ్బుల్ని చూశాడు. "నువ్వేనా భర్తవి? ఇలా రా. ఆమె కన్ను మూసుకున్నప్పుడు పైన కనుబొమ్మ చూడు. ఎటు వెళ్తోంది?"

అబ్బులు వొంగి చూశాడు. భార్య ముఖాన్ని అంత దగ్గర్నుంచి చూసి చాలా రోజులైంది. కన్ను కిందికి మూసుకుపోతోంది. కనుబొమ్మ మాత్రం పైకి లేస్తోంది.

"పైకెల్తన్నాది బాబూ."

"నువ్వు ఓ కన్ను మూసి, అదే పక్క కనుబొమ్మ పైకెత్తు."

అబ్బులు ప్రయత్నించాడు. కన్ను మూసుకుంటే కనుబొమ్మ దిగింది. కనుబొమ్మ ఎత్తితే కన్ను తెరుచుకుంది. నోరు వంకర పోయింది. విద్యార్థులు నవ్వు ఆపుకున్నారు. అసిరమ్మ ఆపుకోలేదు.

"ఎవరివల్లా కాదు," అన్నాడు డాక్టరు. "కావాలని కన్ను కొట్టేవాళ్ళ కనుబొమ్మ కిందికే దిగుతుంది. ఇది ఆమె చేస్తున్న పని కాదు. ఆమెకు జరుగుతున్న పని."

అబ్బులు మళ్ళీ గోడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. భుజం మీద తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

డాక్టరు తన చూపుడువేలు చిలకమ్మ ఎడమ చెవి వెనక పెట్టాడు. ఆ ఎముక లోపల, మెదడు దగ్గర్నుంచి ముఖానికి వచ్చే నరం ఒకటుందని చెప్పాడు. దాని పక్కగా పోవలసిన రక్తనాళం వంకర తిరిగి ఆ నరం మీద పడి ఉంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా నాళం కూడా కొట్టుకుని నరాన్ని తడుతుంది. తట్టీ తట్టీ నరం చెడుతుంది. అందుకే ముఖం లాగుతుంది.

"దాన్ని తీసెయ్యాలా బాబూ?" అని అడిగింది చిలకమ్మ.

"తియ్యకూడదు. ఆ నాళం మెదడుకి రక్తం తీసుకెళ్తుంది. రెంటినీ విడదీసి, మధ్యలో నీ మెడ కండలోంచి చిన్న ముక్క తీసి పెడతాం."

"తాడు ఇనప అంచుకి ఒరుసుకునే కాడ మేం గోనిముక్క పెడతాం," అన్నాడు అబ్బులు మెల్లిగా. "అలగేనా బాబూ?"

"అలాగే," అన్నాడు డాక్టరు. "కానీ ఒకటి వినండి. ఇది ప్రాణం తీసే జబ్బు కాదు. ఇలాగే ఉండి ముసలితనం దాకా బతకొచ్చు. ఆపరేషన్ మాత్రం చిన్నది కాదు. ఇక్కడ నేను కొద్దిమందికే చేశాను. ప్రమాదం జరగదని చెప్పలేను. చెవి నరం దీన్ని అంటుకునే ఉంటుంది, ఆ చెవి పోవచ్చు. తొందరేం లేదు, ఆలోచించుకుని రండి."

బయట చెట్టు కింద సిమెంటు చప్టా మీద అబ్బులు కూలబడ్డాడు. "కన్నదిరితే బుర్ర కోయించుకుంటారేటే ఎవులైనా? ఇన్నావు కదా, పానానికేటీ కాదన్నాడు. ఇంటి కాడే ఉండు. నువ్వు కూలికెల్లకపోతే మనకి గడవదేటి?"

"ఇంటి కాడుంటే మొకం ఊరుకుంతాదా?"

"నీకు ఏటైనా అయితే?"

చిలకమ్మ నిలబడే ఉంది. అటు నాలుగడుగులు వేసి, ఇటు తిరిగి వచ్చింది. కాళ్ళు ఒక చోట ఆగడం లేదు. "ఆడు సెయ్యి పట్టుకున్నప్పుడు నాను ఒగ్గమన్నాను. నా నోరు ఒగ్గు అంతన్నాది, నా మొకం రా అంతన్నాది. ఆడు నా మొకం మాటే ఇన్నాడు. శ్రీరామ్మూర్తి బాబూ అదే ఇన్నాడు. నువ్వూ అదే కదా ఇన్నావు మావా, ఇన్నాల్లూ?"

అబ్బులు వొంగి కాళ్ళ దగ్గరున్న పుల్ల అందుకున్నాడు.

"ఈ మొకం ఎవుల్దో నాకు తెల్దు. నాది నాకు కావాల. సెవి పోతే పోనీ."

అసిరమ్మ చెనక్కాయల గంప సర్దుకుంటూ కొడుకు మాట కోసం చూసింది. అతను నేలమీద ఆ పుల్లతో గీతలు గీశాడు. పుల్ల పారేసి లేచాడు. "రగతం ఇవ్వాలంతారు కదా అలాటప్పుడు," అన్నాడు. "ఎక్కడిత్తారో కనుక్కుందాం రా."

*

ఆపరేషన్‌కి ముందు రోజు మంగలి వచ్చి ఎడమ చెవి వెనక జుట్టంతా గీశాడు. రక్తం తీసే గదిలో అబ్బులు సూది వైపు చూడకుండా కిటికీ వైపు తిరిగి పడుకున్నాడు. రేవులో మోయలేని బరువులు మోసే మనిషికి చెమటలు పట్టి చొక్కా తడిసిపోయింది. నర్సు ఇచ్చిన టీ సగం తాగి, మిగతా సగం గ్లాసు చేత్తో పట్టుకుని వార్డులోకి వచ్చాడు. "తాగు," అన్నాడు. ఏమీ తినకూడదు, తాగకూడదన్నారని చిలకమ్మ గుర్తు చేస్తే, ఏం చెయ్యాలో తెలియక తనే తాగేశాడు.

మర్నాడు పొద్దున్న ట్రాలీ మీద తీసుకుపోయారు. ఎండ నడినెత్తి దాటి వరండా రెండో వైపుకి వచ్చింది. అసిరమ్మ ఆ రోజు గంప ఎత్తలేదు. అబ్బులు వరండా ఈ చివర్నుంచి ఆ చివరికి నడుస్తూనే ఉన్నాడు. ప్రతిసారీ థియేటరు తలుపు దగ్గర ఆగి, గాజు మీద వేసిన తెల్లరంగులో గోకుడు పడ్డ చోట కన్ను పెట్టి చూశాడు. లోపల ఇంకో తలుపు తప్ప ఏమీ కనపడలేదు.

చిలకమ్మకు మెలకువ వచ్చేసరికి ప్రపంచమంతా తిరుగుతోంది. కళ్ళు తెరిస్తే మంచం పక్కకు ఒరిగిపోతున్నట్టుంది. వాంతి చేసుకుంది. మళ్ళీ పడుకుంది. గుక్కెడు నీళ్ళు తాగేసరికి, ఎడమ కంటి కింద, అదే దారం అదే చోట లాగడం తెలిసింది. కన్ను మూసుకుంది. తెరుచుకుంది. మళ్ళీ మూసుకుంది.

మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డ అబ్బులు అది చూశాడు. బయటికి వెళ్ళిపోయాడు. గోడ అవతల అతను తల్లితో అంటున్న మాటలు వినిపించాయి. "తగ్గనేదే అమ్మా. ఇంత కోసినారు, ఇంకా కొట్టుకుంతన్నాది."

డాక్టరు సాయంత్రం వచ్చాడు. "నాళాన్ని విడదీశాను. నరం మీద అది పడ్డ చోట గాడి ఉంది, నా కళ్ళతో చూశాను. అన్నేళ్ళు దెబ్బ తిన్న నరం ఒక్క రోజులో మర్చిపోదు. కొందరికి వెంటనే ఆగుతుంది, కొందరికి వారాలు పడుతుంది." తర్వాత తన చేతిగడియారం విప్పి ఆమె ఎడమ చెవికి ఆనించాడు. "వినిపిస్తోందా?"

చిలకమ్మ ఆయనకేసి చూసి, "ఏటి ఇనపడాల బాబూ?" అంది.

గడియారం కుడి చెవికి మార్చాడు. టిక్కు టిక్కుమంది. మళ్ళీ ఎడమకి మార్చాడు. అక్కడ ఏమీ లేదు. ఆయన గడియారం మళ్ళీ చేతికి పెట్టుకున్నాడు.

"చెవిని కాపాడలేకపోయానమ్మా," అన్నాడు.

ఆమె తల ఊపింది. చెవి పోతే పోనీ అన్నది తనే. అయినా ఆయన వెళ్ళాక దిండు మీద కుడి పక్కకి ఒత్తిగిలితే వార్డులోని రొద అంతా ఒక్కసారి ఆరిపోయింది. పక్క మంచం మీద దగ్గు, బయట రిక్షా గంట, అత్త గొంతు, ఏదీ లేదు. గాభరాగా లేచి కూచుంది. చెవి లేదు, కన్ను ఆగలేదు. ఆ రాత్రంతా ఏ పక్కకి తిరగాలో తెలియలేదు.

*

ఇంటికొచ్చాక గోడ పట్టుకుని నడవడం, తర్వాత గోడ వదిలి నడవడం నేర్చుకుంది. పట్టాల మీద వ్యాగన్లు పోతుంటే చప్పుడు ఎటునుంచి వస్తోందో పోల్చుకోలేక రెండు వైపులా చూసేది. కన్ను కొట్టుకుంటూనే ఉంది. ఇరుగుపొరుగు వచ్చి గాయం చూసి, ముఖం చూసి, బయటికెళ్ళి మాట్లాడుకునేవారు. ఏమనుకుంటున్నారో చెవి లేకపోయినా తెలిసేది.

ఒక పొద్దున్న చేటలో బియ్యం పోసుకుని గుమ్మంలో కూచుంది. రాళ్ళు ఏరి పక్కన పారేస్తోంది. ఎండ మోకాళ్ళ మీదికొచ్చింది. సగం బియ్యం ఏరేసరికి ఏదో వెలితిగా తోచింది. ఏరడం ఆపి, చేతులు చేటమీద పెట్టి కూచుంది. కళ్ళు గట్టిగా మూసి తెరిచింది. మళ్ళీ మూసి తెరిచింది.

"అత్తా!" అని పిలిచింది. "అత్తా, ఇలా రా. నా మొకం సూడు."

అసిరమ్మ వచ్చి ఎదురుగా చతికిలబడి, పొయ్యి మీద పాలు పొంగుతాయేమోనని కాచుకున్నట్టు కోడలి ముఖాన్ని కాచుకుని కూచుంది. ఎండ మోకాళ్ళ మీంచి నడుం మీదికి పాకింది. "ఏటీ నేదే," అంది చివరికి, గొంతు తగ్గించి, పెద్దగా అంటే మళ్ళీ మొదలవుతుందేమోనన్నట్టు. "ఓలమ్మి, ఏటీ నేదు."

సాయంత్రం అబ్బులు గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆమె నుదుటికేసి కాదు, సూటిగా చూశాడు. అంతసేపు చూస్తుంటే చిలకమ్మకు సిగ్గేసింది. "ఏటలా సూత్తన్నావు?" అంది. నవ్వితే ముఖం రెండు పక్కలా సమానంగా కదిలింది. అబ్బులు కాళ్ళు కడుక్కోకుండానే వచ్చి ఆమెకు కుడిపక్కన కూచున్నాడు.

కబురు వాడంతా పాకింది. నీళ్ళ దగ్గర ఒకావిడ, "బాగున్నావమ్మా. ఇంక బుద్దిగా ఉన్నావు," అంది. ఇంకొకామె, "ఆపరేషన్ సేయించి మానిపించినారంట కదా," అంది. చిలకమ్మ బిందె నింపుకుని వచ్చేసింది. దారి పొడుగునా ఆ మాటలే తనలో తను తిరగేసుకుంది. బుద్ధిగా. మానిపించారు. ఏం మానింది తను?

ఆ వారంలోనే కాసులమ్మ వచ్చింది. సంచిలో నాలుగు అరటిపళ్ళు తెచ్చి గుమ్మంలో పెట్టింది. కూచోమన్నా కాసేపు కూచోలేదు.

"శ్రీరామ్మూర్తి బాబు రమ్మంతన్నాడప్పా," అంది. "కొత్తగా పెట్టిన మనిషికి సెయ్యి తిరగట్లేదు, లైను ఎండలో ఉండిపోతన్నాది. ఆ అలవాటు మానేసినాదట కదా, రమ్మను, పాతదంతా మర్సిపోదాం అన్నాడు. గవర్రాజు కూడా ఏటీ అనుకోడంట. క్షమించేసినాడంట."

"ఎవుల్ని?"

కాసులమ్మ సంచి మడతపెట్టుకుంది.

"నన్నా?" అంది చిలకమ్మ. "ఆడు నన్ను క్షమించినాడా?"

అసిరమ్మ ఏదో అనబోయింది. అబ్బులు, "పోన్లే, పన్లోకి రమ్మంతన్నారు కదా," అన్నాడు. చిలకమ్మ లేచి పెరట్లోకి వెళ్ళింది. ముఖం ఇప్పుడు కదలని చెరువు నీళ్ళలా ఉంది. లోపల మాత్రం ఏ క్షణమూ ఊరుకోవడం లేదు. బుర్ర కోయించుకున్నది, చెవి పోగొట్టుకున్నది నిజం తెలుస్తుందనుకుని. కానీ ముఖం బాగయ్యాక వాళ్ళంతా తప్పు మాన్పించుకున్న మనిషిని చూసినట్టు చూస్తున్నారు. అంటే తప్పు ఉన్నట్టే. అది తనదే అయినట్టే.

తిరిగి వచ్చి, "రేపొత్తానని సెప్పు," అంది.

*

గాయం కనపడకుండా చెంగు తలమీద కప్పుకోమంది అసిరమ్మ. చిలకమ్మ కప్పుకోలేదు. ఇంకా పెరగని జుట్టు మధ్య ఎర్రటి మచ్చతోనే బస్సెక్కింది.

శ్రీరామ్మూర్తి ఆమెను చూసి నిజంగానే సంతోషించాడు. "బాగుంది, బాగుంది. ఏ గొడవా లేకుండా పని చేసుకో," అన్నాడు. కూత వినిపించింది. లైను మొదలైంది. చిలకమ్మ హస్తం పట్టుకుంది. రెండో చేత్తో గంగాళం వొంచి పట్టుకుంది. కొందరు ముఖం చూసి ఆశ్చర్యపోయారు. కొందరు మచ్చ చూసి మాట మింగేశారు. పళ్ళాలు చకచకా కదిలాయి.

గవర్రాజు తన ముఠా ముందు వచ్చాడు. కనుబొమ్మ మీద సన్నటి గీత ఉంది. "మంచి పని సేసినావు. ఇప్పుడు బాగుంది," అన్నాడు ప్లేటు చాపుతూ. అందులో వెటకారం లేదు. పెద్దమనిషి తరహాగా అన్నాడు.

చిలకమ్మ హస్తం అన్నంలోనే ఉంచింది.

"ఏటి? పెట్టు."

"ఆ రోజు కులాయి కాడ ఎవుల సెయ్యి ఎవులు పట్టుకున్నారో సెప్పు. పెడతాను."

గవర్రాజు నవ్వాడు. అటూ ఇటూ చూశాడు. "ఇప్పుడెందుకవన్నీ? అయిపోనాది కదా."

"నాకు అవనేదు."

లైను ఆగింది. వెనకాల ఎండలో ఉన్నవాళ్ళు ఏమైందని తొంగి చూశారు. శ్రీరామ్మూర్తి గల్లా వదిలి వచ్చి ఆమె ఎడమ పక్కన నిలబడ్డాడు. చేతులు ఊపుతూ, లైనుకి వినపడకుండా గొంతు తగ్గించి ఏదో అంటున్నాడు. ఆ పక్క చిలకమ్మకు పెద్దగా ఏమీ అందలేదు. ఆమె గవర్రాజునే చూస్తోంది. హస్తం కాడను రెండు చేతులతో పట్టుకుంది.

శ్రీరామ్మూర్తి విసుగ్గా కాసులమ్మ వైపు తిరిగాడు. "నువ్వు పెట్టు అన్నం!"

కాసులమ్మ చేతిలో పప్పుచారు గరిటె ఉంది. దాన్ని బకెట్లో పెట్టి, చేతులు చీరకు తుడుచుకుంది. "నాను సూసినాను బాబూ," అంది. "ఆ రోజు సూడనేదన్నాను. కొట్టుగది గుమ్మంలోనే ఉన్నాను, అంతా సూసినాను." అని గరిటె ముట్టుకోకుండా నిలబడిపోయింది.

శ్రీరామ్మూర్తి చేతులు మధ్యలోనే ఆగాయి. లైన్లో గొణుగుడు మొదలై పెరిగింది. గవర్రాజు వెనకే ఉన్న రాడ్డు పనివాడు ఖాళీ ప్లేటు తొడకు కొట్టుకుంటూ, "మేస్త్రీ, ఏటుంటే అది సెప్పెయ్యి. మల్లీ కూత కూసేత్తాది, ఆకలేత్తన్నాది," అన్నాడు.

గవర్రాజు మెడ ఎర్రబడింది. బల్లమీదికి వొంగి, ఆమె ఎడమ పక్కగా నోరు పెట్టి ఏదో గొణిగాడు.

"ఆ సెవి పోనాది," అంది చిలకమ్మ. "ఏటీ ఇనపడదు. ఇటు సెప్పు." తల తిప్పి కుడి చెవి చూపింది. "గట్టిగా సెప్పు."

కుడి పక్కనే లైనంతా ఉంది. ప్లేట్లు పట్టుకుని అందరూ అతని నోటికేసే చూస్తున్నారు.

"నానే పట్టుకున్నాను," అన్నాడు గవర్రాజు.

"నాను పిలిసినానా?"

గవర్రాజు వెనక్కి తిరిగి తన ముఠాకేసి చూశాడు.

"నేదు. పిలవనేదు. నానే వొచ్చినాను."

చిలకమ్మ హస్తం నిండా అన్నం తీసి అతని ప్లేటులో వేసింది. అందరికీ వేసినంతే వేసింది. కాసులమ్మ గరిటె అందుకుని దానిమీద పప్పుచారు పోసింది. గవర్రాజు ప్లేటు పట్టుకుని ఏ బల్ల దగ్గర కూచోవాలో తెలియనట్టు షెడ్డు మధ్యలో నిలబడ్డాడు.

"జరగండి," అంది చిలకమ్మ, తర్వాతి మనిషి కోసం గంగాళం వొంచుతూ.